మా అత్త అడవి బేరం

అప్పట్లో మేము తార్నాకలో ఒక పెంకుటింటి వెనక భాగంలో అద్దెకుండేవాళ్లం. అరవై ఏడో, అరవై ఎనిమిదో సరిగ్గా గుర్తులేదు కాని, వానలు వెనకపట్టు పట్టిన రోజులు. కదిరి దగ్గర తన పేరున ఉన్న మెట్టచేను అమ్మేసి, ఆ డబ్బు నడుముకు కట్టుకుని మా అత్త నారాయణమ్మ మా ఇంటికొచ్చింది. వచ్చిన మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, "నాయనా, ఈ పక్క యాడన్నా చిన్న అడివి అమ్మకానికుంటే చూడు" అంది.

అరకిలో వంకాయలు తెమ్మన్నంత మామూలుగా అంది.

మా ఆవిడ శారద వంటింట్లోంచి గరిటెతో సహా బయటికొచ్చింది. "అమ్మా, హబ్సిగూడ వైపు ఇళ్ల స్థలాలు అమ్ముతున్నారు. ఒకటి తీసుకుందాం."

"ఆ స్థలంలో ఏముండాది? నాలుగు మూలలా నాలుగు రాళ్లుండాయి. నాకు అడివి కావాల. అది గూడా చిన్నాకుల అడివి కాదు. ఆకంటే అరచెయ్యంతన్నా ఉండాల."

దానికి కారణం ఉంది. ఆమె చేను చుట్టూ ఉన్నవన్నీ తుమ్మచెట్లే. ఇన్నేళ్లు ఎండలో పనిచేసి వాటి కింద కూర్చుంటే, జల్లెడ కింద కూర్చున్నట్టే ఉండేదట. నీడనేది పూర్తిగా ఒంటిమీద పడ్డ రోజు లేదంది. మేమేదో మాట వరసకు అన్నదనుకున్నాం. ఆమె మాత్రం మా ఇంటి ఓనరును కూడా అడిగేసింది. ఆయనకు వికారాబాదు దగ్గర మద్దులపల్లిలో బాల్‌రెడ్డి అని ఒక దూరపు బంధువున్నాడు. గుట్ట వాలున రెండెకరాల పైచిలుకు పట్టా భూమి, నిండా చెట్లు, దున్నడానికి పనికిరాదు, ఎవరన్నా కొంటే ఇచ్చేస్తానంటున్నాడు. ఆ ఆదివారమే వస్తామని కబురు వెళ్లింది.

బయలుదేరే ముందు శారద నన్ను పక్కకు పిలిచి, "బయానా ఇవ్వనీయకుండా అమ్మను వెనక్కి తీసుకురండి. ఇచ్చారో, ఆ అడవిలోనే ఉండిపోండి" అంది. చిత్రాన్నం మూట మాత్రం ముగ్గురికి సరిపడా కట్టింది.

మూడోవాడు విఠల్‌రావు. నేను యూనివర్సిటీలో లెక్కలు చెబితే అతను వృక్షశాస్త్రం చెబుతాడు. చెట్ల సంగతి కనుక తోడు రమ్మన్నాను. అతని చదువంతా నీళ్లలో పెరిగే నాచు మీద అని నాకప్పటికి తెలియదు. తెల్లవారుతుండగా తార్నాక నుంచి నడిచి క్యాంపస్‌లోకి వెళ్లి, అతని క్వార్టర్ తలుపు తట్టాం. భుజానికి ఒక సంచి తగిలించుకుని వచ్చాడు. అడుగడుక్కీ అందులోంచి గాజుసీసాల చప్పుడు.

కాలేజీ ముందు రోడ్డు మీద మా అత్త ప్రతి చెట్టు దగ్గరా ఆగి, కొమ్మ వంచి, ఆకు పక్కన తన అరచెయ్యి పెట్టి చూసింది. ఎర్రపూల తురాయి దగ్గర "ఇదీ జల్లెడే" అంది. నీలగిరి చెట్టు దగ్గర "ఇది ఆకా, కత్తా?" అంది. బాదంచెట్టు దగ్గర ఆగి ఒక ఆకు తెంపింది. అది చెయ్యి దాటి మణికట్టుదాకా వచ్చింది. ఆమె ముఖం విప్పారింది.

వాచ్‌మన్ సైకిలు దిగాడు. "ఏందమ్మ, యూనివర్సిటీ ఆకులు తెంపుతున్నవ్?"

"ఒకటే నాయనా, కొలతకు."

అతను కాసేపు ఆలోచించి, "కొలుసుకున్నంక గీడనే పెట్టిపో" అన్నాడు. ఆమె ఆ ఆకును చెట్టు మొదట్లో జాగ్రత్తగా పెట్టింది. అతను సైకిలెక్కి వెళ్లిపోయాడు.

సిటీ బస్సులో సికింద్రాబాదు చేరి, వికారాబాదుకు మూడు టిక్కెట్లు తీసుకుని వాడి జంక్షన్ వెళ్లే ప్యాసింజరెక్కాం. ఆదివారం కనుక కూర్చోడానికి చోటు దొరికింది. లింగంపల్లి దాటాక మూట విప్పాం. ఎదురుసీటులో ఒక బట్టల వ్యాపారి కూర్చున్నాడు. తాండూరు వెళ్తున్నాడట. చిత్రాన్నంలో ఒక పిడికెడు తీసుకుని, ఎక్కడికని అడిగాడు.

"అడివి కొనేదానికి పోతాండాం" అంది అత్త.

"కట్టెల అడితి పెడుతరా?"

"లేదప్పా. ఊరికే ఉంచుకుంటాం."

ఆయన నమలడం ఆపి నావైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆమె విఠల్‌రావును, "ఆ గట్టు మీదుండేది ఏం చెట్టు నాయనా?" అనడిగింది. అతను కళ్లద్దాలు సర్దుకుని, చాలాసేపు చూసి, "చెట్టేనమ్మా" అన్నాడు. అప్పుడు బయటపడింది నాచు సంగతి. "ఆకులు, కొమ్మలు నా లైన్ కాదు భాయ్. నువ్వు అడగలే, నేను చెప్పలే" అన్నాడు నాతో.

వికారాబాదులో దిగేటప్పటికి ఎండ బాగా ఎక్కింది. స్టేషన్ బయట చాయ్ తాగి, గుట్టలవైపు వెళ్లే బస్సెక్కాం. మేకలున్నందువల్ల కొంత ఇబ్బంది పడ్డా, మద్దులపల్లి దారి దగ్గర క్షేమంగానే దిగాం. అక్కడి నుంచి అరకోసు నడక. గుట్ట మలుపు తిరగగానే ఆ చెట్లు కనిపించాయి. మద్ది, ఇప్ప, తునికి, మోదుగ. వాటి పేర్లు తర్వాత తెలుసుకున్నాను. అప్పుడు కనిపించిందల్లా ఒక పెద్ద పచ్చటి గుంపు, దాని ముందు తలపాగాతో నిలబడ్డ బాల్‌రెడ్డి, ఆయన పక్కన గొడ్డళ్లు నూరుకుంటున్న ఇద్దరు మనుషులు.

"రండ్రి, రండ్రి. వీళ్లు మీ కోసమే ఆగిన్రు" అన్నాడు బాల్‌రెడ్డి. "పట్నమోళ్లు, సదువుకున్నోళ్లు వస్తున్నరని, భూమి సాఫ్ చేసే ఇస్తున్న. దీనికి పైసలు వద్దు, నా దిక్కెల్లి మర్యాద."

మా అత్త చరచరా నడిచి వెళ్లి, మొదటి మద్దిచెట్టుకు వీపు ఆనించి కూర్చుంది. గొడ్డలి మనిషి ఆమె లేస్తుందేమోనని చూశాడు. ఆమె కాళ్లు చాపుకుంది.

"చెట్లు లేకుంటే నాకెందుకప్పా ఆ భూమి? నేను కొంటాండేది చెట్లనే."

"కొట్టి అమ్ముకుంటవా?"

"అమ్మను."

"మరేం జేస్తవమ్మ?"

"కూర్చుంటా."

బాల్‌రెడ్డి తలపాగా తీసి, తల గోక్కుని, మళ్లీ పెట్టుకున్నాడు. గొడ్డళ్లవాళ్లను పంపించాడు గాని, మా వంక చూసే చూపు మారింది. సరిగ్గా అదే సమయంలో చెట్ల మధ్య నుంచి విఠల్‌రావు కేక వినిపించింది. పరుగెత్తాం. ఒక బండరాతి గుంటలో వాననీళ్లు నిలిచి ఉన్నాయి. మావాడు దాని ముందు బోర్లా పడుకుని, భూతద్దం కంటికి పెట్టుకుని, నీళ్లను సీసాలోకి ఎక్కిస్తున్నాడు.

బాల్‌రెడ్డి వంగి మెల్లగా అడిగాడు. "ఏం దొరికింది సారు?"

"చాలా పాతది" అన్నాడు విఠల్‌రావు తల ఎత్తకుండా. "రాజులు, నవాబుల కంటే ముందుది. దీని విలువ తెలిసినోళ్లు దేశంలో పదిమంది ఉంటే ఎక్కువ."

"ఎంతుంటదంటరు?"

"కింద ఎంతున్నదో చూడాలె."

నేను నోరు తెరిచేలోగా అయిపోయింది. బాల్‌రెడ్డి నన్ను ఒక ఇప్పచెట్టు చాటుకు తీసుకుపోయి, "సారు, ఈ భూమి అమ్మేది లేదు" అన్నాడు. పనికిరాని గుట్ట కోసం యూనివర్సిటీ నుంచి సీసాలు, అద్దాలు పట్టుకుని ఇద్దరు పెద్దసార్లు వచ్చారంటే, లంకెబిందెలు కాక మరేమిటని ఆయన వాదన. అది నాచు అని చెప్పాను. "నాచు కోసం రైలెక్కి వస్తరా సారు?" అన్నాడు.

నా పని దానంతటదే అయిపోయిందని లోపల సంతోషించాను కూడా. శారదకు ముఖం చూపించవచ్చు. అత్తకు సంగతి చెబుదామని వెళ్లాను. ఆమె ఆ మద్దిచెట్టు కిందే ఉంది. రెండు చేతులూ ముందుకు చాపి, అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది.

"ఏమైంది అత్తా?"

"చూడు నాయనా, ఒక్క ఎండచుక్క గూడా లేదు."

నిజమే. ఆమె నల్లటి చేతుల మీద, చీరమీద, కాళ్లమీద ఎక్కడా ఎండపొడ లేదు. మిట్టమధ్యాహ్నం. ఇళ్లస్థలం గురించి నేర్చుకొచ్చిన మాటలు నాలుగైనా చెప్పాలనుకున్నాను. ఆమే అంది, "శారదకు ఇల్లుండాది, నువ్వుండావు. నాకీ నీడ కావాల. సచ్చినాక సమాధి మీద కాదు, ఇప్పుడే." నేను కూడా ఆమె పక్కన కూర్చున్నాను. ఆ తర్వాత బాల్‌రెడ్డి అమ్మనంటున్నాడని చెప్పాను, కాని ఈసారి బాధపడుతూ చెప్పాను.

బాల్‌రెడ్డి మర్యాదస్తుడు. అమ్మనంటూనే ఇంటికి తీసుకుపోయి జొన్నరొట్టె, కోడిగుడ్ల పులుసు పెట్టించాడు. తినడం అయ్యాక మా అత్త చెయ్యి కడుక్కుని మొదలుపెట్టింది.

"అయ్యా, నువ్వు చెప్పేదే నిజమనుకో. బిందెలు దొరికితే అన్నీ నీవే. కాగితం మీద రాసిస్తా. ఆకు మాత్రం నాది."

బాల్‌రెడ్డి ముఖం కొంచెం తేటపడింది. "తవ్వుకోనిస్తవా?"

"తవ్వుకో. వేరు తెగకూడదు, అంతే."

అందరం మళ్లీ గుట్టకు నడిచాం. వేరు లేని చోటు కోసం బాల్‌రెడ్డి గడ్డపార పట్టుకుని తిరిగాడు. ఎక్కడ గుచ్చినా ఏదో ఒక వేరు తగులుతోంది. ఆయన పొడిచిన ప్రతిచోటా అత్త వంగి చూసి, "ఇది తునికిది", "ఇది ఇప్పది" అని, మన్ను కప్పేస్తోంది. ఆఖరికి వేరు లేనిది ఒక్కటే దొరికింది, నీటిగుంట ఉన్న బండ. గడ్డపార ఎత్తగానే విఠల్‌రావు దానికి అడ్డం పడుకున్నాడు.

"నన్ను పొడిచి తవ్వు."

"జూసిన్రా సారు?" అన్నాడు బాల్‌రెడ్డి నాతో. "పానం ఇస్తనంటున్నడు. నాచు అంటరు మీరు."

ఇద్దరిలో ఎవరూ కదల్లేదు. అప్పుడు మా అత్త తీర్పు చెప్పింది. బండ, గుంట బాల్‌రెడ్డివే, అమ్మకంలో కలపక్కర్లేదు. మిగతా చెట్లు తనవి. విఠల్‌రావు వచ్చినప్పుడల్లా సీసాడు నీళ్లు తీసుకోవచ్చు. గుంటను కదిలిస్తే అందులో ఉన్నదేదో పాడైపోతుంది కనుక, అతని పరీక్షలు పూర్తయ్యేదాకా ఎవరూ తవ్వకూడదు.

"పరీక్షలు ఎన్నడు అయితయి?" అన్నాడు బాల్‌రెడ్డి.

"సైన్సులో చెప్పలేం" అన్నాడు విఠల్‌రావు బండమీద పడుకునే.

బాల్‌రెడ్డి ఒప్పుకున్నాడు. ఆ మద్దిచెట్టు కిందే అత్త నడుము మూట విప్పి బయానా ఇచ్చింది. ఆపమన్న మాట నాకు గుర్తుంది. ఆపలేదు. తర్వాత నెలలోనే రిజిస్ట్రీ కూడా జరిగింది. తన గుంటను ఎవరన్నా తవ్వుకుపోతారేమోనని బాల్‌రెడ్డి అక్కడే ఒక గుడిసె వేసుకుని కాపలా కూర్చున్నాడు. ఆయన ఉన్నన్నాళ్లూ మా చెట్ల మీద ఒక్క గొడ్డలి పడలేదు.

సాయంత్రం తిరుగు ప్యాసింజరు కిటకిటలాడుతోంది. అది సీతాఫలాల కాలం. పట్నానికి అమ్మకానికి పోయే గంపలు సీట్లకింద, పైన, మనుషుల ఒళ్లోనూ. గంపల ఆడవాళ్లు జరిగి మా అత్తకు చోటిచ్చారు. విఠల్‌రావు సీసాను రెండు చేతులతో పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. శారదకు ఏం చెప్పాలా అని నేను రకరకాలుగా వాక్యాలు కట్టుకుంటున్నాను.

పక్కనున్న పెద్దావిడ అత్తను అడిగింది. "యాడికెల్లి అక్కా?"

"భూమి కొన్యాం."

"మంచిగైంది. జొన్న పండుతదా?"

"పండదు."

"కంది?"

"కంది గూడా పండదు. గుట్ట. అన్నీ చెట్లే."

"నీళ్లన్న ఉన్నయా?"

"ఒక గుంట ఉండాది. అది మాది కాదు."

పెద్దావిడ నోటిమీద చెయ్యి పెట్టుకుంది. ఆ మాట గంప నుంచి గంపకు పాకి, శంకరపల్లి వచ్చేటప్పటికి పెట్టె అంతటికీ చేరిపోయింది. ఎవరో పాపం రాయలసీమ దిక్కు ముసలమ్మను నిలువునా ముంచారని అందరికీ తెలిసిపోయింది. "పక్కన సదువుకున్న అల్లుడుండి గూడ" అని ఒకామె నన్ను చూసి తల తిప్పుకుంది. పెద్దావిడ గంపలోంచి మంచి పండు ఒకటి ఏరి అత్త ఒళ్లో పెట్టింది. "ఏడ్వకు అక్కా, తిను." ఇంకొకామె రెండు పెట్టింది. తలుపు దగ్గరి మనిషి ఒకటి చేతులు మారుస్తూ పంపించాడు. కాదనడానికి మా అత్తకు మనసొప్పలేదు. ప్రతి పండునూ గంభీరంగా కళ్లకద్దుకుని పక్కన పెట్టుకుంది.

ఈ దారిన ఎవరన్నా వెళ్లదలిస్తే ఒక్కటే చెప్పగలను. వికారాబాదు ప్యాసింజరులో తిండికి కొదవ ఉండదు, కొనుక్కోవాలని కూడా లేదు. నేను చాలా ఊళ్లు తిరిగాను గాని, ఇంతమంది ఇంత దయగా, ఇంత పొరపాటుగా చూసుకున్న ప్రయాణం మరొకటి లేదు. ఊరి దీపాలు కనిపిస్తుండగా అత్త ఒడి నిండిపోయి, పండ్లు నా తువ్వాల్లోకి కూడా వచ్చేశాయి. ఆమె నా చెవి దగ్గరకు వంగింది.

"ఏమీ పండదంటిమి గదా నాయనా. చూస్తివా, మొదటి కాపు వచ్చేసె."