అర కంటే తక్కువ

నా చిన్నప్పుడు మా నాచారం సర్కారు బడికి తనిఖీ వస్తుందంటే, పిల్లల కంటే ముందు టీచర్ల ముఖాలు మారిపోయేవి. అప్పుడు నేను ఆరో తరగతి. మేం జనగామ వైపు నుంచి వచ్చినవాళ్లం. నాన్న పారిశ్రామికవాడలో బకెట్లు చేసే ఫ్యాక్టరీలో పనికి పోయేవాడు. అమ్మ మా బడిలోనే మధ్యాహ్న భోజనం వండేది. అమ్మ పని నిలవాలన్నా పోవాలన్నా హెడ్మాస్టరు మాట మీదే ఉండేది. ఆయన్ని అందరం పెద్దసారు అనేవాళ్లం.

మా లెక్కల టీచరు ఆ ఏడే కొత్తగా వచ్చింది. పర్మినెంటు కాదు, విద్యా వాలంటీరు. పొద్దున్నే రామంతాపూర్ నుంచి షేర్ ఆటోలో వచ్చేది. తనిఖీ రోజు ఆఫీసరుగారు వెనక బెంచీలో కూర్చుని ఆమె పాఠం చూస్తారనీ, ఆయన రాసేదాన్ని బట్టే వచ్చే ఏడు ఆమెను ఉంచేదీ లేనిదీ తేలుతుందనీ బడిలో అందరికీ తెలుసు. అందుకే ముందురోజు పెద్దసారు మా క్లాసుకు వచ్చి, లెక్కలు రాని కొందరిని లేపి నిలబెట్టారు. “రేపొక్కరోజు మీరు ఇంటి దగ్గరే ఉండండర్రా” అన్నారు. కోపంగా అనలేదు, బతిమాలినట్టే అన్నారు. లేచి నిలబడ్డవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇంట్లో నన్ను చూసేవాళ్లెవరూ లేరు కాబట్టి అమ్మ నన్ను తనతోనే తీసుకొచ్చి వంటషెడ్డులో ఒక మూల కూర్చోబెట్టింది. బయటికి తొంగి చూడొద్దంది. గేటు ముందు జీపు ఆగిన చప్పుడు వినబడింది. కాసేపటికి మా లెక్కల టీచరు చాక్‌పీసులు పట్టుకుని అటుగా పోతూ నన్ను చూసి ఆగిపోయింది.

“ఇక్కడేం జేస్తున్నవ్? పా, క్లాసుకు.”

అమ్మ గరిటె పక్కన పెట్టి లేచింది. “పెద్దసారు వద్దన్నడు టీచరమ్మా. దీనికి లెక్కలు రావు. మీ నౌకరి పోతది మల్ల.”

టీచరు షెడ్డులోకి వచ్చి నన్ను లేపింది. ఆమెకు భయం లేదని నేననుకోను. నా చెయ్యి పట్టుకున్నప్పుడు ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి. “రానందుకే రమ్మంటున్న అక్కా” అని మాత్రం అంది.

క్లాసులోకి అడుగు పెట్టేసరికి ఆఫీసరుగారు వెనక బెంచీలో ఉన్నారు, పెద్దసారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. నన్ను చూడగానే పెద్దసారు ముఖం నల్లబడింది. నాకు పాఠం గుర్తు లేదు, అమ్మ పని ఒక్కటే గుర్తొచ్చింది. టీచరు బోర్డు మీద అర, మూడో వంతు పక్కపక్కన రాసి, రెండూ కలిపితే ఎంత అని అడిగింది. ముందు బెంచీల్లో చేతులు లేచాయి. ఆమె ఆ చేతులన్నీ చూసి, నా పేరు పిలిచింది.

బోర్డు దగ్గరికి ఎట్లా పోయానో తెలియదు. పైవాటితో పైవి, కిందివాటితో కిందివి కలిపి, ఐదింట రెండు అని రాశాను. ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆపుకున్నారు. వెనక నుంచి కాగితం తిప్పిన చప్పుడు వచ్చింది. టీచరు డస్టరు తీస్తుందనుకున్నాను, తీయలేదు.

“నీ దగ్గర అర రొట్టె ఉంది. నేను ఇంకో ముక్క ఇచ్చిన. ఇప్పుడు నీ దగ్గరున్నది అర కంటే ఎక్కువనా, తక్కువనా?”

“ఎక్కువ, టీచర్.”

“మరి నువ్వు రాసింది బొమ్మ గీసి చూపియ్.”

ఒక పొడుగు పట్టీ గీసి, ఐదు భాగాలు చేసి, రెండింటికి గీతలు కొట్టాను. కొట్టి, అట్లాగే నిలబడిపోయాను. అది సగానికి కూడా రాలేదు. నా లెక్క తప్పని వేరేవాళ్లు చెప్పడం నాకు అలవాటే. నా తప్పు నా కళ్లకే కనబడడం మాత్రం అదే మొదలు. “తక్కువైంది, టీచర్” అన్నాను. ఆ మాట గట్టిగానే వచ్చింది.

అర ముక్కా, మూడో వంతూ రెండూ సరిగ్గా తెగాలంటే రొట్టెను ఎన్ని భాగాలు చెయ్యాలని ఆమె అందరినీ అడిగింది. నాలుగన్నారు, గీసి చూస్తే కుదరలేదు. ఆరన్నారు. అరకు మూడు ముక్కలు, మూడో వంతుకు రెండు. ఆరింట ఐదు అని నేను రాస్తుండగా గంట కొట్టారు. ఆ రోజు చెప్పాల్సిన మిగతా లెక్కలు మిగిలిపోయాయి.

ఆఫీసరుగారు లేచి ముందుకు వచ్చారు. “పాఠం పూర్తి కాలేదమ్మా. ముందు బెంచీ వాళ్లను పిలిచి ఉంటే అయిపోయేది.”

టీచరు చేతిలోని చాక్‌పీసు బల్ల మీద పెట్టింది. “వాళ్లకు నిన్ననే వచ్చు సార్. వాళ్లను పిలిస్తే వాళ్ల తెలివి కనబడతది, నా పని కనబడదు. మీరు నా పని చూడనీకి వచ్చిన్రు.”

ఆయన జేబులోంచి పెన్ను తీశారు. ఏదో రాసుకుని వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నం అమ్మ అన్నం వడ్డిస్తూ మాటిమాటికీ ఆఫీసు గది వైపే చూసింది. పెద్దసారు ఆ రోజు భోజనాల దగ్గరికి రాలేదు.  తర్వాత రిపోర్టు వచ్చింది. పాఠం పూర్తి చేయలేదు, సమయపాలన లేదు అని రాశారట. టీచరు ఇక రాదని అందరూ అనుకున్నారు. ఎండాకాలం సెలవులంతా అమ్మా నేనూ ఆ మాట ఎత్తకుండానే గడిపాం.

బడి తెరిచిన రోజు ఆమె ఎప్పటిలాగే షేర్ ఆటో దిగింది. ఎట్లా అయ్యిందో ఆ తర్వాత పెద్దసారే అమ్మకు చెప్పారట. సెలవుల్లో ఆయన తన స్కూటర్ మీద ఉప్పల్‌లో ఆ ఆఫీసరుగారి ఆఫీసుకు పోయి కూర్చున్నారట. “నేను దాచిపెట్టిన పిల్లకే ఆవిడ లెక్క నేర్పింది. ఆవిణ్ణి తీసేస్తే, పిల్లల్ని ఎందుకు దాచావని నన్నూ అడగాల్సి వస్తుందని చెప్పానమ్మా” అన్నారట. ఆ తర్వాత ఏ తనిఖీకీ ఆయన ఏ పిల్లనూ ఇంట్లో ఉండమనలేదు.

ఇప్పుడు నేనూ టీచర్నే. కొత్తగా చేరినవాళ్లకు నేనే పెద్దదాన్ని, వాళ్ల పాఠాలు చూసి రిపోర్టు రాసే పని కూడా నాదే. వెనక బెంచీలో కూర్చున్నాక నా చూపు లేచిన చేతుల మీద నిలవదు. తల వంచుకున్న పిల్ల ఎక్కడుందా అని వెతుకుతాను. టీచరు ఆ పిల్ల దాకా పోతే, గంట మోగినా నేను లేవను. ఆ పిల్ల తన తప్పు తనే చూసుకునేదాకా కూర్చుంటాను.