తొమ్మిది మంది గీతల్లో ఉంటే చాలు

డిగ్రీ పాసయ్యాను. పోయిన వారమే మెమో చేతికొచ్చింది. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనొక్కదాన్నే కాబట్టి, మా అమ్మ దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి తండాలో ఎదురైన ప్రతివాళ్లకూ చూపిస్తోంది. చదవడం రాకపోయినా, "గీడ సూడు, ఫస్ట్ క్లాస్ అని ఉన్నది" అని సరిగ్గా ఆ గడి మీదే వేలు పెడుతుంది. నన్నెవరైనా ఏం సంగతులని అడిగితే మాత్రం నా నోట మెమో మాట రెండోదిగా వస్తుంది. ముందు వచ్చేది, మా కాలేజీ మళ్లీ లీగులో చేరిందన్న మాట.

లీగంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ డిగ్రీ కాలేజీలు కలిసి పెట్టుకున్న ఆటల కూటమి. కాగితాల మీద దానికో పొడుగాటి పేరుంది, అదెవరూ వాడరు. ఏటా జనవరిలో రెండు రోజులు ఏదో ఒక ఊళ్లో ఆటలు జరుగుతాయి. భోజనం, గ్రౌండు ఆతిథ్యమిచ్చే కాలేజీవి. సున్నంతో గీతలు గీసేది మాత్రం వచ్చిన కాలేజీల వాళ్లే. కొలత తప్పిందని ఓడినవాళ్లు ఆతిథ్యమిచ్చిన వాళ్ల మీద పడకుండా ఎప్పుడో పెట్టుకున్న పద్ధతి అది.

నేను డిగ్రీలో చేరినప్పుడు మా మిర్యాలగూడ కాలేజీకి ఈ లీగుతో ఏ సంబంధమూ లేదు. ఆటలు నేర్పే పీడీ మేడం నా రెండో ఏడాదిలో బదిలీ మీద వచ్చారు. మా ఖోఖో జట్టును చూసి, "మీరు లీగుకెందుకు పోరు?" అని అడిగారు. ఎవరికీ తెలియదు. ఆమె సూర్యాపేటలోని కన్వీనర్ సారుకు ఫోన్ చేస్తే ఆయన ఒకటే మాట అన్నారట: "మీ పేరు తీసేసి చాన ఏండ్లయింది కదమ్మా."

ఎందుకు తీసేశారో చూద్దామని మూడో ఏడాది మొదట్లో మేడం నన్ను వెంటబెట్టుకుని సూర్యాపేట బస్సెక్కారు. నేను కెప్టెన్ని. కన్వీనర్ సారు బీరువాలోంచి గుడ్డ అట్ట వేసిన లావుపాటి రిజిస్టర్ తీసి నా ముందు పెట్టారు.

మొదటి పేజీలో మూడే పేర్లు, ఊరికొకటి. మొదట్లో ఆడింది మగపిల్లలే, అదీ వాలీబాల్ ఒక్కటే. తర్వాత కబడ్డీ, పరుగులు చేరాయి. మరికొన్ని పేజీలకు ఇంకో రెండు కాలేజీలు వచ్చాయి, వాటిలో ఒకటి మూతపడి వెళ్లిపోయింది. అమ్మాయిల ఖోఖో మొదలుపెట్టాలని తీర్మానం చేసిన పేజీ కింద మా కాలేజీ ముద్ర కూడా ఉంది. అది చూసి నాకు ఎంత గర్వమనిపించిందో! రెండు కాగితాలు తిప్పేసరికి అదే పేరు మీద ఎర్ర సిరా గీత. పక్కన కారణం రాశారు: ఖోఖో మహిళల జట్టు వరుసగా రెండేళ్లు హాజరు కాలేదు.

"అదీ కథ," అన్నారు కన్వీనర్ సారు. "మల్ల చేరాలంటే డిసెంబర్ మీటింగుల అడుగుండ్రి. అందరు ఒప్పుకుంటేనే."

ఇంటికొచ్చి ఆ రెండేళ్లేవో చెబితే, మా అమ్మ లెక్క వేయకుండానే చెప్పేసింది.

"నువ్వు పుట్టిన ఏడు, ఆ ఎనక ఏడు. కాలువ నీళ్లు లేటుగ ఇడిసిన్రు. సంటిదానివి, నిన్ను గట్టు మీద పండబెట్టి నాటేసిన. నారు ముదిరిపోతుంటే ఆడపిల్లలను ఆటలకు ఎవలు పంపుతరే?"

నాకు కారణం దొరికిపోయింది. డిసెంబర్ మీటింగులో లేచి నిలబడి అదంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. కోదాడ కాలేజీ పీడీ సారు కళ్లద్దాలు తుడుచుకుంటూ విన్నారు.

"బాగానే చెప్పావమ్మా. మరి మాదీ అదే కాలువ. మీకొచ్చాకే మాకొస్తాయి నీళ్లు. మా పక్కూరు చిలుకూరు పిల్లలు ఆ రెండేళ్లూ నాట్లు వేసే వచ్చారు. రాలేదా?"

"ఎట్ల వచ్చిన్రు సార్?" అని అడిగేశాను.

ఆయన నవ్వారు. "ఎట్లా ఏముంది? జట్టు జట్టంతా కలిసి ఇవాళ ఒకళ్ల చేను, రేపు ఇంకొకళ్ల చేను నాటేసుకున్నారు. అయిపోయింది, వచ్చేశారు."

చివరికి వాళ్లు మాకొక షరతు పెట్టారు. జనవరిలో కోదాడలో జరిగే ఆటలకు మేం అతిథులుగా వెళ్లాలి. ఖోఖో మొదటి విజిల్ వేసే సమయానికి గీతల్లో మా తొమ్మిది మంది ఉండాలి. ఉంటే అదే సాయంత్రం పేరు ఎక్కిస్తారు. లేకపోతే ఇక మా అర్జీ తీసుకోరు.

ఆ ఏడాది కూడా నీళ్లు ఆలస్యమే. త్రిపురారం వైపు మా మడులకు వంతు వచ్చేసరికి ఆటలకు ఇంకా ఐదు రోజులే ఉన్నాయి. మా జట్టులో నలుగురి ఇళ్లలో నాట్లు మిగిలున్నాయి.

"నువ్వు ఆటకు పోతే మడి ఎవలు నాటాలె?" అంది అమ్మ.

"జట్టంత వస్తది. ఒక్కరోజుల ఖతం చేస్తం."

"జట్టా? సూస్త."

కోదాడ సారు చెప్పిన ఉపాయం మక్కికి మక్కి చేశాం. రోజుకొక ఇంటి పొలం. మా మడి మొదటి రోజు. మిర్యాలగూడ పట్నంలోనే పుట్టి పెరిగిన ఒక పిల్ల ఉంది మా జట్టులో. మా అందరిలోకి వేగంగా పరిగెత్తేది అదే. దానికి బురదలో కాలు పెట్టడం అదే మొదలు. నాలుగు మొక్కలు నాటి నడుం మీద చేతులు పెట్టుకుని వెనక్కి చూసుకునేది. మా అమ్మ ఊరుకుంటుందా?

"ఏం బిడ్డా, గిది నాటుడా, బట్టలు ఆరేసుడా? ఒక్కోదానికి మూరెడు జాగిచ్చినవ్!"

"గాలి తగలాలె కద అమ్మా," అంది అది.

"వడ్లకు ఫ్యాను గూడ పెడతవా?"

నవ్వుకుంటూనే పొద్దుగూకేలోపు ముగించాం. రెండో రోజు, మూడో రోజు కూడా అంతే. నాలుగో పొలం ఆటల ముందురోజు సాయంత్రం అయిపోయింది. నాకైతే గెలిచేసినంత సంబరం.

పొద్దున బస్టాండులో పన్నెండు మందికి తొమ్మిది మంది కనిపించారు. ఇద్దరికి జ్వరాలు. దామరచర్ల నుంచి రావలసిన పిల్ల నడుం ఎత్తలేకపోతున్నానని ఫోన్ చేసింది. సరే, మాకు కావలసింది తొమ్మిదే కదా అనుకున్నాం. కోదాడలో బస్సు దిగబోయేటప్పుడు గానీ అసలు సంగతి తెలియలేదు. సీట్లోంచి లేద్దామంటే ఒక్కరికీ నడుం నిటారుగా రాలేదు. పట్నం పిల్లనైతే ఇద్దరం చెరో రెక్క పట్టుకుని దించాం.

"కూర్చోగలవా?" అని గ్రౌండు పక్కన దాన్ని అడిగారు మేడం.

"కూసుంట మేడం. లేవమని మాత్రం అనకుండ్రి."

ఖోఖోలో తరిమే జట్టు వాళ్లు ఎనిమిది మంది వరుసగా గొంతుక్కూర్చుంటారు, ఒకరు పరిగెత్తుతారు. వెనక నుంచి తట్టి "ఖో" అంటేనే కూర్చున్నవాళ్లు లేవాలి. పట్నం పిల్లను నెమ్మదిగా వరుస మధ్యలో కూర్చోబెట్టాం. కోదాడ సారు వేలితో చూపిస్తూ పైకే లెక్కపెట్టారు. తొమ్మిది. విజిల్ పడింది.

మేం ఎవ్వరం దానికి ఖో ఇవ్వలేదు. అవతలి పిల్లలు ఆ సంగతి తొందరగానే కనిపెట్టి, అలసిపోయినప్పుడల్లా దాని చుట్టూనే తిరిగారు. మేం తప్పించుకు తిరిగే వంతు వచ్చినప్పుడు అది వంగే లోపలికి వెళ్లి, అడుగు కదపకముందే అవుటై, వంగే బయటికొచ్చింది. ఎంత తేడాతో ఓడిపోయామో నేను చెప్పను. కోదాడలో ఎవరినడిగినా చెబుతారు.

సాయంత్రం స్టాఫ్ రూములో మీటింగు, మా జట్టంతా కూడా వెళ్లాం. రిజిస్టర్ తెరిచి ఉంది. కోదాడ సారు గొంతు సవరించుకున్నారు.

"ఒక అనుమానం. ఆడింది తొమ్మిది మందా, ఎనిమిది మందా? ఒకమ్మాయి కూర్చున్న చోట నుంచి లేవనే లేదు."

మేడం ఏదో అనబోయేలోపే ఆయన పట్నం పిల్ల వైపు తిరిగారు. "ఏమ్మా, నీకు ఖో ఇస్తే లేచేదానివేనా?"

"ఇయ్యలే కద సార్. ఇస్తే నాకు గూడ తెలుస్తుండె."

గదంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. "అసలేమైంది మీకు? అంతా ముసలమ్మల్లా వంగిపోయారు."

"మీరు చెప్పినట్టే చేసినం సార్," అన్నాను. "అందరం కలిసి నాట్లేసినం."

"ఎప్పటిదాకా?"

"నిన్న పొద్దుగూకేదాక."

ఆయన నుదురు కొట్టుకున్నారు. "ఓర్నాయనో! మా పిల్లలు ఆటలకు వారం ముందే ముగించేవాళ్లమ్మా. అది మీరు అడగలేదు, నేను చెప్పలేదు." కన్వీనర్ సారు చేతిలోంచి రిజిస్టర్ తీసుకుని షరతు రాసిన చోట పైకే చదివారు. విజిల్ సమయానికి గీతల్లో తొమ్మిది మంది. "లేవాలని ఇక్కడ లేదు. ఉన్నారు. నేనే లెక్కపెట్టాను." జేబులోంచి పెన్ను తీసి మొదటి సంతకం ఆయనే పెట్టారు.

మిగతా కాలేజీల వాళ్లూ పెట్టాక, కన్వీనర్ సారు కొత్త పేజీలో మా కాలేజీ పేరు రాసి, కెప్టెన్ సంతకం కోసం నా వైపు తిప్పారు. నా చేతి గోళ్లలో ఇంకా మడి మట్టి ఉంది. సంతకం కొంచెం వంకరగానే వచ్చింది, అయినా వచ్చింది.

"ఇగ ఇంకో ముచ్చట," అన్నారు ఆయన. "కొత్తగ చేరినోళ్లే వచ్చే ఏడు ఆటలు పెట్టాలె. మొదటి నుంచి గదే రూలు. తేదీ గూడ పెట్టేటోళ్లదే."

మేడం నన్ను చూశారు, నేను మేడమ్‌ని చూశాను. బయటికొచ్చి వరండాలో నిలబడి అమ్మకు ఫోన్ చేశాను. చేరామని చెప్పాను. ఓడిపోయామని కూడా చెప్పాను. వచ్చే ఏడు ఆటలు ఎప్పుడు పెట్టాలో మమ్మల్నే చెప్పమన్నారని చెప్పాను.

అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఫిబ్రవరిల పెట్టుమను బిడ్డా. నాట్లయి, నడుములు నిలబడ్డంక."

లోపలికి వెళ్లి అదే చెప్పాను. రిజిస్టర్‌లో ఫిబ్రవరి అనే రాశారు.