ధర చెప్పిన నోరు

కొత్త కందుల బస్తా విప్పగానే లేచే దుమ్ము వాసన ఇవాళ్టికీ నా ముక్కుకు తగిలితే, మా బాపు నోట్లోంచి కారిన నెత్తురే ముందు గుర్తొస్తుంది.

మక్తల్ మార్కెట్ యార్డులో బాపు హర్రాజు పాడేవాడు. చలికాలం పొద్దున కందుల కుప్పల మధ్య నడుస్తూ, కొనే సేట్లు వేలు ఎత్తినప్పుడల్లా పెరిగే ధరను ఆయన గొంతెత్తి అరుస్తుంటే ఆ కేక రోడ్డు మీదికి వినపడేది. మేం పిల్లలం అవ్వ ఉడకబెట్టి పంపిన పచ్చి కందికాయలు ఒలుచుకు తింటూ, మట్టి కుప్పలు పోసుకుని, ఆయనలాగే అరుస్తూ హర్రాజు ఆట ఆడేవాళ్లం.

తెలంగాణ వచ్చాక యార్డుకు కంప్యూటర్ వచ్చింది. సేట్లు నీడన కూర్చుని ఫోన్లలోనే ధర కొట్టడం మొదలుపెట్టారు. పొద్దుగూకేదాకా సాగే పని మధ్యాహ్నానికే తెమిలిపోయేది, కాదనను. బాపును మాత్రం తెరమీద పడ్డ ధరను మైకులో చదవమన్నారు.

ఒకరోజు ధర బాగా తక్కువ పడింది. బాపు చదివాడు. అన్నేళ్లూ ధర ఆయన నోటినుంచే వచ్చేది కాబట్టి, తగ్గించింది కూడా ఆయనే అనుకున్నారు రైతులు.

"ఏమిరా నర్సిగా, సేట్లు నీకేం మెక్కవెట్టిండ్రు?" అన్నాడు ఎల్లప్ప. మా ఇంట్లో ఎన్నోసార్లు రొట్టె తిన్న మనిషి.

"నేను జెప్తలేనే ఎల్లన్నా! గా డబ్బా జెప్తాంది, నేను సదువుతున్న, గంతే!"

"డబ్బాకు నోరున్నదారా? నోరు నీది!"

ఆ నోటిమీదే కాంటా రాయితో కొట్టాడు. బాపు కిందపడగానే మిగతావాళ్లు చెప్పుకాళ్లతో తొక్కారు. బాపుకు సద్ది తెచ్చిన నేను అడ్డం పడబోతే ఎవరో నా జడ పట్టి కందుల కుప్పమీదికి విసిరేశారు. ఒక సేటు షట్టర్ కిందినుంచి తొంగిచూసి, "జర జల్ది కానియ్యుండ్రి, లారీ ఎత్తాలె" అన్నాడు. ఆ మాట నేను మరవలేదు, మరవను.

బాపు దవడ విరిగింది. దవాఖానలో పళ్లను తీగతో బిగించి కట్టారు. అది విప్పించుకుని మళ్లీ పనికి పోతే, "ఇగ నువ్వెందుకే, ధర సీదా ఫోన్లకే పోతాంది" అని గుమాస్తా గేటు దగ్గరే తిప్పి పంపాడు.

ఇప్పుడు యార్డులో కేకలు లేవు, హర్రాజు ఆడే పిల్లలు లేరు, హమాలీల్లో సగంమంది లేరు. బాపు మంచినీళ్లడిగితే పక్కగదిలోకి వినపడదు. కొట్టినవాళ్లలో ఒక్కడూ ఈనాటికీ మా గడప తొక్కలేదు. ధర తక్కువ పడ్డ రైతు ఇప్పుడూ పళ్లు కొరుకుతూ చుట్టూ చూస్తాడు. కొట్టడానికి ఎవరూ కనపడరు. ఫోను జేబులో వేసుకుని ఇంటికి పోతాడు, అక్కడ ఎవరిమీద పడతాడో.