తండ్రి పేరు గొర్రె

మా ఊరి బంగారు గనులు మూతపడి కొన్నేళ్ళయిన తరువాతి మాట. నా చిన్నప్పుడు ఊరిగాంలో మా పక్కింటి అక్క కంప్యూటరు చదువు ముగించి పని కోసం వెతుకుతూ ఉండేది. క్రిస్మస్ నాటకానికి పిల్లల బ్యాడ్జీలు బాగా చేసిస్తే చర్చి ఆఫీసులో పని ఇస్తామని పాస్టరుగారు ఆమెకు మాటిచ్చారు.

అక్క రాసిన ప్రోగ్రాములో అచ్చయిన బ్యాడ్జీలు తగిలించుకుని మేమంతా రిహార్సల్‌కు నిలబడ్డాం. నాది గొర్రె వేషం. నా బ్యాడ్జీ చదివిన మా నాన్న ముఖం ఎర్రబడింది. తండ్రి అన్నచోట గొర్రె అని ఉంది. ఊరు అన్నచోట మా నాన్న పేరు, వేషం అన్నచోట ఊరిగాం. పాస్టరుగారి అమ్మాయి సంగతి ఇంకా ఘోరం. ఆమె వేషం గాడిద.

"ఏమ్మా, నేను గొర్రెనా?" అని మా నాన్న కేకేశాడు.

అక్క పరుగెత్తుకొచ్చి బ్యాడ్జీ చూసి, "లేదప్పా, ప్రాపర్టీ పేర్లు తారుమారైనాయి" అంది.

"మాకు యాడిది ప్రాపర్టీ? ఉండే క్వార్టర్సు కూడా కంపెనీదే కదమ్మా!"

పాస్టరుగారు పగలబడి నవ్వారు. అక్క కళ్ళు తుడుచుకుని మమ్మల్ని కంప్యూటరు దగ్గరికి తీసుకెళ్ళింది. పేరు, తండ్రి, ఊరు లాంటి ఒక్కో వివరాన్నీ ప్రోగ్రాములో ప్రాపర్టీ అంటారట. వేషాన్ని ఆలస్యంగా, పేరు తరువాత చేర్చిందట. బ్యాడ్జీ మీద తండ్రి, ఊరు అని అచ్చయ్యే మాటల్ని మాత్రం వేరేచోట తన చేత్తో రాసి, అక్కడ వేషాన్ని చివర్లో పెట్టిందట. అందుకే మాటలొక వరసలో, వివరాలింకో వరసలో అచ్చయ్యాయట.

"ఇంగ ఆ మాటలు నేను రాయనప్పా. నీ పేరేమని ఒక్కో ప్రాపర్టీనే అడిగి, అది చెప్పిందే అచ్చేయిస్తా" అంది.

అన్నట్టే మార్చింది. తరువాత మాకు చూపించడానికి, లోపల వేషం అన్న ప్రాపర్టీ పేరును పాత్ర అని మార్చింది. బ్యాడ్జీ మీద కూడా దానంతటదే పాత్ర అని వచ్చింది, పక్కనే గొర్రె. మా నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అడిగితే అదే చెప్తాదా!" అన్నాడు. అక్కకు పని దొరికింది.

నేనిప్పుడు సుగటూరులో టీచరుని. బడి తెరిచిన రోజు పిల్లల పేర్లు నేను చదవను. ఒక్కొక్కరినీ అడిగి, వాళ్ళు చెప్పినట్టే పిలుస్తాను. ఒకసారి ఒక బిడ్డ చాలాసేపు ఆలోచించి, "మా అవ్వ బంగారూ అంటాది టీచర్" అంది. ఆ ఏడాదంతా ఆమెను అలాగే పిలిచాను.