జిదెగుల్ తిరగేసి చూసిన పెట్టెలు

జిదెగుల్ సంతలో పాత వైఫై పెట్టెలు తిరగేసి జోస్యం చెబుతోందని, వాటితో తన మెట్ల మీది ఇళ్లవాళ్ల మాటలన్నీ వింటోందని కిర్గిజ్ రాజధాని బిష్కెక్‌లోని ఆ అయిదంతస్తుల మేడలో పుకారు పుట్టింది. పుట్టించింది కింది వాటావిడ కలీపాయే. జరిగింది వేరు.

జిదెగుల్‌ది ఉన్ని తివాచీల పని. ఉన్నిని ఒత్తి చేసిన రంగుల నమదా కత్తిరించి, ముగ్గులా అతికించి కుట్టడం. ప్రతి శనివారం మధ్యాహ్నం ఊరూరా ఉన్న తొమ్మిదిమంది ఆడవాళ్లకు ఫోనులో వీడియో పెట్టి నేర్పుతుంది. ఆ మెట్ల మీది నాలుగిళ్లకూ ఒకటే ఇంటర్నెట్ లైను, దాని వైఫై పెట్టె జిదెగుల్ ఇంట్లోనే ఉంది. ఆమె కత్తెర మలుపు తిప్పే వేళకు కింద కలీపా సీరియల్ పెట్టేది. ఇక్కడ బొమ్మ బిగుసుకుపోయేది. అప్పటికే ఇద్దరు మానేశారు. మిగతావాళ్లూ పోతే ఆ విద్య తన చేతుల్లోనే ఆగిపోతుందని ఆమె బెంగ.

అలా జరగకుండా లైనును అందరికీ సమానంగా పంచే సాఫ్ట్‌వేర్ ఒకటి ఊరికే దొరుకుతుందనీ, పెట్టెలోని కంపెనీది తీసేసి దాన్ని ఎక్కించుకోవాలనీ వీడియోల్లో చూసింది. అయితే అన్ని పెట్టెలూ దాన్ని మోయలేవు, ఇంట్లో ఉన్నదీ అంతే. పైకి పేరొకటే అయినా అడుగున చీటీ మీద వెర్షన్ అంకె మారితే లోపల మెమరీ సగమే ఉంటుంది. అందుకే తిరగేసి చూడటం.

మంచి సరుకు తెల్లారేసరికే పోతుందని ఆదివారం అందరికంటే ముందు వెళ్లి, దుప్పటి పరిచి పాత సామాన్లమ్మే తొకోన్ ముందు కూర్చుంది. ఒక పెట్టె తిప్పింది. అంకె సరిపోలేదు. పక్కన పెట్టబోతే తొకోన్ మొహం వాడిపోయింది.

"అక్కా, బోణీ నువ్వేనే! ఉత్త చేతుల్తో లేస్తావా?"

ఎలా లేస్తుంది? మొదటి బేరం తిరిగిపోతే ఆ రోజంతా అంతేనని అక్కడ పసిపిల్లనడిగినా చెబుతుంది. పనికిరాదని తెలిసే కొనుక్కుంది. కలిసొస్తుందని తొకోన్ ఆ బోణీ నోటుతో సరుకంతా నిమిరాడు. మరుసటి ఆదివారమూ అదే కథ. ఆమె ఇంటి కిటికీలో రెండు పెట్టెలు చేరాయి, పుకారుకు కాళ్లొచ్చాయి.

మూడో ఆదివారం ఆమె చాయ్ బండి చాటున నిలబడింది. రెండు కప్పులయ్యాయి. ఎవరో పెద్దాయన చార్జరు కొన్నాడు. నోటు సరుకు మీద తిరిగిందో లేదో, జిదెగుల్ వచ్చి వాలింది.

"దాక్కున్నావా అక్కా? నేను చూశాలే!" అన్నాడు తొకోన్.

"చూస్తే చూశావు. జరుగు, చీటీలు చదవనీ."

"పెళ్లికూతురికి పళ్లు చూసినట్టు చూస్తున్నావే!"

"పళ్లు కాదురా, వయసు చూస్తున్నా."

పదకొండో పెట్టె మూల పగిలి ఉంది. అంకె మాత్రం కావలసిందే. పదిహేనేళ్లు తగ్గినట్టు నడిచి ఇంటికొచ్చింది.

సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తుంటే పెట్టె మీది దీపాలన్నీ ఆరిపోయాయి. ఉన్ని ఉండను ఒళ్లో నొక్కిపట్టుకుని కూర్చుంది. మధ్యలో తీగ పీకితే పెట్టె చచ్చిపోతుందని తెలుసు. అయిదు నిమిషాలకు ఒక పచ్చదీపం, దాని వెనక ఇంకోటి వెలిగాయి. ఆ తర్వాత ఏ ఇంటికెంత లైనో పంపకం లెక్క కుదరడానికి మరో మూడు రోజులు పట్టింది.

శనివారం కింద సీరియల్లో అత్త ఏడుస్తూనే ఉంది, పైన కత్తెర జింకకొమ్ము ముగ్గు మలుపు తిరుగుతూనే ఉంది. బొమ్మ ఆగలేదు. మానేసినవాళ్లలో ఒకామె మళ్లీ వచ్చి చేరింది.

పెట్టెల అసలు సంగతి పక్కింటివాళ్ల నోట విన్న కలీపా, పాఠం అయ్యాక పైకొచ్చి గుమ్మంలోనే నిలదీసింది.

"ఏమే, ఇన్ని వారాలు సంత చుట్టూ తిరిగే బదులు, ఆ గంటసేపు సీరియల్ ఆపవే అని నాతో ఒక్క మాటంటే పోయేదిగా? ఆపకపోదునా?"

జిదెగుల్ చేతులకంటిన ఉన్ని దులుపుకుంది.

"ఆపుతావక్కా, ఎందుకాపవు? ఒక శనివారం ఆపుతావు, రెండు ఆపుతావు. మూడోసారి అడగటానికి నాకు నోరు రాదు, నీకు కోపమొస్తుంది. మెట్ల మీద ఎదురైతే మొహాలు తిప్పుకుంటాం. ఇప్పుడు నిన్ను నేనడగక్కర్లేదు, నువ్వు ఆపక్కర్లేదు. రా, ఆ అత్త ఎందుకేడ్చిందో చెప్పు."