వెలుతురు మందు

పొద్దున లేవగానే అరగంట వెలుతురుకు ఎదురుగా కూర్చోమని డాక్టరమ్మ చెప్పింది. ఎండైనా సరే, దానికోసం చేసిన దీపమైనా సరే, రోజూ ఒకే వేళకు, కళ్లు తెరుచుకుని. నిద్ర మళ్లీ గాడిలో పడుతుందట. "మీకేమండీ, జాలరిపేటలో ఉంటారు. గుమ్మంలోకే సూర్యుడొస్తాడు" అంది.

వస్తాడు. సముద్రంలోంచి వస్తాడు. అదే చిక్కు.

పడవ తిరగబడిన రోజు మా అక్క మొగుడు, నేను కలిసే వేటకు వెళ్లాం. నేను తిరిగొచ్చాను. బావ రాలేదు. ఆ తర్వాత కన్ను మూస్తే చాలు, నోట్లోకి నీళ్లొచ్చినట్టు ఉలిక్కిపడి లేచేవాణ్ణి. వేట మానేసి రుషికొండలో ఒక ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీగా చేరాను. అక్కడ కూర్చున్నచోటే కునుకు. ఇంకోసారి పడుకుంటే ఇంటికి పంపేస్తానని సూపర్‌వైజర్ అన్నాకే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

దీపం కొన్నాను. ముందుగది గోడ దగ్గర పెట్టి, సముద్రానికి వీపు చేసి కూర్చునేవాణ్ణి. పేటంతా నవ్వింది. "ఏటి మావా, ఎండ కూడా కరెంటుతో కాసుకుంతన్నావేటి?" అని వలలు బాగుచేసుకునేవాళ్లు కిటికీలోంచి అడిగేవారు. అడగనీ. నాకు కొద్దికొద్దిగా నిద్ర పట్టసాగింది.

ఒకరోజు పొద్దున్నే కరెంటు పోయింది. ఆరిపోయిన దీపం ముందు అలాగే కూర్చున్నాను. చేపల తట్టతో బేరానికి బయలుదేరిన అక్క గుమ్మంలో ఆగింది.

"ఏట్రా, సీకట్లో కూకున్నావు?"

"కరెంటు నేదప్పా. ఈయాల మానేత్తాను."

"మానకూడదన్నారు గదా."

తట్ట దించి నా కుర్చీ బయటికి లాగింది. నేను తల దించుకుని అందులో కూర్చున్నాను. ఆమె పీట తెచ్చుకుని నాకు ఎదురుగా, సముద్రానికి అడ్డంగా కూర్చుంది.

"సముద్రాన్ని సూడకు. నన్ను సూడు."

చూశాను. బావ పోయాక ఆమె మొహంలోకి సూటిగా చూడటం అదే మొదలు. ఎదురుపడినప్పుడల్లా తట్టలోని చేపల్ని చూస్తూ మాట్లాడి తప్పించుకునేవాణ్ణి. ఆమె కళ్లు ఎర్రబడి ఉన్నాయి, కింద నల్లగా గుంటలు. రోజూ అద్దంలో నాకు కనిపించేవి అవే.

"నీకూ నిద్దర పట్టట్నేదా అప్పా?"

"ఇన్నాల్లకడిగావురా" అంది.

సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది. ఎండ కళ్లలో పడుతోందని ఆమె అనుకుని ఉంటే బాగుండును.

మర్నాటి నుంచి దీపం ముందు రెండు కుర్చీలు వేస్తున్నాను.