తడవని రీడు

నిజామాబాద్‌లో మా ఆడపిల్లల డిగ్రీ కాలేజీ బ్యాండులో ఇరవై నలుగురం ఉండేవాళ్లం. వాయించడం వచ్చినవాళ్లు పదకొండు మంది. మిగతా పదమూడు మందిమి పొడుగ్గా ఉన్నాం. నేను పొడుగు కోటాలో చేరాను.

నా చేతికి క్లారినెట్ ఇచ్చి ఆటల సారు ఒక్కటే పాఠం చెప్పాడు. "బుగ్గలు ఉబ్బించు. పెదవులు మాత్రం ఆననియ్యకు, ఎంగిలైతది."

ఆయనకు పాట కంటే వరస ముఖ్యం. రిపబ్లిక్ డే పరేడ్‌లో పెద్దల ముందుకు రాగానే మేం తామరపువ్వులా విచ్చుకోవాలి, మళ్లీ ముడుచుకోవాలి. రెండు నెలలు విచ్చుకున్నాం, ముడుచుకున్నాం. పాట ఎక్కడ మొదలైందో అక్కడే ఉంది.

మా బాపు క్లారినెట్ వాయించేవాడు కాకపోయుంటే ఇందులో నాకు ఇబ్బందేమీ ఉండేది కాదు. బోధన్ చుట్టుపక్కల పెళ్లి బరాత్‌లలో నేను పుట్టకముందు నుంచీ ఊదుతున్నాడు. వాళ్ల బ్యాండులోనూ వరస నిండుగా కనబడాలని, ఊదకుండా ఊదినట్టు నడిచేవాళ్లు ఇద్దరుంటారు. బాపు వాళ్లను పేరు పెట్టి పిలవడు. "డ్రస్సుగాళ్లు" అంటాడు. ఇంటికొచ్చి అన్నం తింటూ కూడా తిడతాడు.

నాకు క్లారినెట్ ఇచ్చారని చెప్పిన రోజు ఆ అన్నం సగంలోనే లేచాడు. చెయ్యి కడుక్కుని తన క్లారినెట్ తెచ్చాడు.

"రా బిడ్డా, వేళ్లు ఎట్ల పెట్టాల్నో జెప్త."

"కాలేజీ పద్ధతి వేరే ఉంటది బాపూ," అన్నాను.

"గట్లనా," అని మళ్లీ పెట్టెలో పెట్టేశాడు. నేనన్న ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. ఆయన మాత్రం బిడ్డ కూడా క్లారినెట్ పట్టిందని బోధన్ బస్టాండు దాకా చెప్పుకున్నాడు.

పరేడ్ రోజు మొదటి బస్సుకే వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. అందరి ఫోన్లూ పువ్వు వైపు తిరిగాయి. బాపు నా వేళ్లనే చూశాడు. నేను బుగ్గలు ఉబ్బించాను. పువ్వు బ్రహ్మాండంగా విచ్చుకుంది. మొదటి బహుమతి మాకే వచ్చింది.

అయిపోయాక బాపు నా చేతిలోంచి క్లారినెట్ తీసుకున్నాడు. నోటి దగ్గర సన్నటి పలక ఒకటుంటుంది, రీడు అంటారు. ఊదితే అది తడిసిపోతుంది. దాన్ని బొటనవేలితో ఒకసారి తడిమాడు. వేలి వైపు చూసుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

క్లారినెట్‌కు మూత పెట్టి నా చేతికిచ్చాడు. నా కాలరు సరిచేసి, భుజం మీది బంగారు రంగు కుచ్చు సర్దాడు.

"డ్రస్సు మంచిగ కుట్టిండ్రు బిడ్డా," అన్నాడు.